అది ఎవరు, ఆమె ఎవరు

మన రచయితల కథలు పట్నంలో అచ్చుకు వెళ్ళినప్పుడు తిరిగి వచ్చే సవరణల్లో ఒకటి మనందరికీ అలవాటే. కథలో కోయ పిల్లవాడు వాళ్ళ అమ్మ గురించి "అది పోడుకు పోయింది" అంటాడు. ప్రూఫు చేతికి వచ్చేసరికి "ఆమె పోడుకు వెళ్ళింది" అయి ఉంటుంది. తల్లిని అలా అనడం అగౌరవంగా ఉందని పక్కన చిన్న మాట కూడా రాసి ఉంటుంది. కొందరు సరేనని ఊరుకుంటారు. కొందరు "మా భాష అంతే, దిద్దడానికి మీరెవరు" అని కోపం చేసుకుంటారు. ఈ రెండు జవాబులతోనూ నాకు తృప్తి లేదు. దిద్దినవాళ్ళు మన భాష తెలియక దిద్దారు, నిజమే. కానీ మనం తెలుగులో రాస్తున్నాం, తెలుగులో "అది" అన్న మాటకు ఉన్న బరువు మనకు తెలియనిదా?

మొదట మన ఇంటి సంగతి చూద్దాం. మా ఇంటి కోయలో మగవాడికి ఓండు, తక్కిన అన్నిటికీ అద్. ఆ తక్కిన అన్నిటిలో అమ్మ ఉంది, అక్క ఉంది, ఆవు ఉంది, ఇప్పచెట్టు ఉంది. గోండిలోనూ, అరకు వైపు కువి, కుబి భాషల్లోనూ, ఆదిలాబాదు కొలామీలోనూ ఇదే తీరు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి లాంటి భాషావేత్తలు ఈ భాషల గురించి రాసినప్పుడు మాటల్ని పురుష, పురుషేతర అని రెండుగా విడదీసి చూపించారు. ఇల్లాలిని అద్ అన్న మా తాత ఆమెను చిన్నచూపు చూసి అనలేదు. అంతకు మించిన మాట ఆయన దగ్గర లేదు, ఊళ్ళో ఇంకెవరి ఇల్లాలికీ లేదు. పటేల్ భార్యా అద్, పాలేరు భార్యా అద్.

తెలుగు కూడా సగం దూరం మనతో నడిచిన భాషే. డైట్‌లో చదివినవాళ్ళకు చిన్నయసూరి బాలవ్యాకరణంలోని మహత్తు, అమహత్తు గుర్తుండే ఉంటాయి. పురుషులు మహత్తులు. స్త్రీలు ఏకవచనంలో పశువులతోనూ వస్తువులతోనూ కలిసి అమహత్తులు, బహువచనానికి వచ్చేసరికి మహత్తుల వైపు చేరతారు. పరీక్ష కోసం దీన్ని బట్టీ పట్టాం గానీ దాని అర్థం ఎవరూ మనకు విడమరిచి చెప్పలేదు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. ఆడవాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి. అంటే తెలుగులో ఆడమనిషి ఒక్కతిగా ఉంటే ఆవు పక్కన, పదిమందిగా ఉంటే మనుషుల పక్కన. అందుకే "ఆడవాళ్ళు" అనే మాట మర్యాదగానే వినిపిస్తుంది, "ఆడది" అనగానే తిట్టులా తగులుతుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకే ఆడ. తేడా అంతా వెనక తోకలో ఉంది.

మన భాషల్లో పదిమంది అయినా ఆ గీత దాటడం లేదు. మగవాళ్ళు ఓరు, ఆడవాళ్ళు అవ్. మనుషుల్ని లెక్కపెట్టే ఇద్దరు, ముగ్గురు లాంటి మాటలు కూడా మగవాళ్ళకే. ఆడవాళ్ళను రెండు, మూడు అనే లెక్కపెడతాం. ఈ సంగతి తెలియని టీచరు చేతిలో మన పిల్ల ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. మూడో తరగతి పిల్ల నోటుబుక్కులో "రెండు ఆడపిల్లలు వచ్చాయి" అని రాస్తుంది. ఇంటి భాషలో ఉన్న వరసను అచ్చంగా తెలుగులో పెట్టింది. టీచరు ఎర్ర పెన్నుతో కొట్టేసి, "ఆడపిల్లలంటే మేకలా? వచ్చాయేంటి?" అంటారు. తరగతి అంతా నవ్వుతుంది. ఆ నవ్వులో పిల్లకు అర్థమయ్యేది తెలుగు వ్యాకరణం కాదు, వాళ్ళ అమ్మ మాట్లాడే భాష ఆడవాళ్ళను మేకలతో కలుపుతుందని. మర్నాటి నుంచి ఆ పిల్ల నోరు విప్పదు. తెలుగు కూడా ఒక్క ఆడపిల్లను మేకతో కలిపే మాట్లాడుతుందని ఆ టీచరుకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. "పిల్ల వచ్చింది, మేక వచ్చింది" అని రెండు వాక్యాలు బోర్డు మీద పక్కపక్కన రాసి, తర్వాత "పిల్లలు వచ్చారు, మేకలు వచ్చాయి" అని రాస్తే మన పిల్లలు పది నిమిషాల్లో పట్టుకుంటారు. నేను చేసేది అంతే. ఎవరి భాషా తప్పు కాకుండానే పాఠం అయిపోతుంది.

ఇక్కడిదాకా అయితే "అది" అనే మాటలో అగౌరవం లేదని చెప్పి ముగించవచ్చు. అలా ముగించడం నాకు ఇష్టం లేదు. తెలుగులో ఒక నిచ్చెన ఉంది. మగవాడికి వాడు, అతను, ఆయన. ఆడమనిషికి అది, ఆమె, ఆవిడ. నిచ్చెన ఉన్నచోట కింది మెట్టు మీద నిలబెట్టడమంటే కిందే నిలబెట్టడం. కోయలో అద్ మెట్టు కాదు, అందరం నిలబడే నేల. వినడానికి అది, అద్ ఒకలాగే ఉంటాయి కాబట్టి ఒకటే అనుకుంటాం. కోయ అమ్మను తెలుగు కథలోకి తెచ్చి "అది" అని రాస్తే ఆమెను నేల మీద నుంచి తెచ్చి కింది మెట్టు మీద పెట్టినట్టు. ఆ కింది మెట్టులోనూ మగవాడికి ఒక సౌకర్యం ఉంది. వాడు అన్నా మనిషిగానే మిగులుతాడు. అది అంటే ఆ మిగలడం కూడా లేదు. ఉప్పల లక్ష్మణరావు గారి నవల పేరు "అతడు ఆమె". ఆ పేరు "వాడు అది" అని ఉంటే ఎవరి గురించిన కథ అనుకునేవాళ్ళం? నా అనుమానం, మన గురించే అనుకునేవాళ్ళం.

అయితే మర్యాద అంతా మాటలోనే ఉందనీ అనలేను. మేడారంలో రెండేళ్ళకోసారి చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో గద్దెకు తెస్తారు. జిల్లా ఎస్పీ గాలిలోకి తుపాకి పేల్చి వందనం చేస్తారు. లక్షల మంది చేతులు పైకెత్తి అనే మాట "తల్లి వచ్చింది" అనే. వచ్చారు అని ఎవరూ అనరు. మొక్కేటప్పుడు మీరు అని ఎవరూ అనరు, నువ్వే. "బంగారం తెచ్చిన తల్లీ, నువ్వే కాపాడు." ఆ "ంది"లో, ఆ "నువ్వు"లో ఎక్కడా తక్కువతనం లేదు. అదే జనం తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్కన ఇప్పపువ్వు బుట్టతో కూర్చున్న కోయ ముసలామెను "ఏయ్ ముసల్దానా, ఎంతకిస్తవే?" అంటారు. సమ్మక్క వాళ్ళ ఆడబిడ్డే అని గుర్తుకు రాదు. మా మండలం బస్సుల్లో నాకూ ఇది మామూలే. చేతిసంచీతో ఎక్కితే "జరుగు, ఏందే అట్ల నిలబడ్డవ్" అంటారు, ఐడీ కార్డు మెడలో ఉంటే "కూర్చోండి మేడం" అంటారు. చీర అదే, మనిషి అదే.

కాబట్టి ఒక మాట అగౌరవమా కాదా అని విడిగా అడిగితే జవాబు దొరకదు. అదే పుస్తకంలో, అదే పేజీలో ఇంకో ఆడమనిషికి ఏ మాట వాడారు అని అడగాలి. నేను కథలు చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుంటాను. అది, దాన్ని, దాని అన్నచోట గీత. ఆమె, ఆవిడ అన్నచోట సున్నా. మనవాళ్ళ గురించి మైదానం రచయితలు రాసిన కథల మీద ఇలా చేసి చూడండి. పేర్లు చెప్పను, కథలు మీ ఇళ్ళల్లోనూ ఉన్నాయి. వాటి నడక కూడా మీకు తెలుసు. ఒక ఇంజనీరో, ఫారెస్టు ఆఫీసరో, కొత్తగా వచ్చిన పంతులో జీపు దిగుతాడు. వాగు దగ్గర ఒక అడవిపిల్ల కనబడుతుంది. అది నవ్వుతుంది, అది పరిగెడుతుంది, దాని కళ్ళు లేడి కళ్ళు. పట్నంలో ఆఫీసరు భార్య ఉంటుంది. ఆమె ఉత్తరం రాస్తుంది, ఆమె నిట్టూరుస్తుంది. ఇద్దరిదీ ఒకే వయసు కావచ్చు. కథ చివర అడవిపిల్ల చచ్చిపోయాక, లేదా మోసపోయాక, ఒక్క వాక్యంలో "ఆమె" అవుతుంది. రచయిత జాలి అక్కడ మొదలైంది కాబట్టి. చచ్చినదాకా మనిషి కాలేదు.

ఈ కథలు మనమీద ద్వేషంతో రాసినవి కావు. చాలావరకు ప్రేమతోనే రాశారు. దోపిడీని ఖండిస్తూ రాశారు. షావుకారునీ, కాంట్రాక్టరునీ, ఫారెస్టు గార్డునీ గట్టిగా పట్టుకున్నారు. అందుకే ఈ సంగతి చెప్పాలి. దోచుకునేవాణ్ణి తిట్టే పేరాలోనే దోపిడీకి గురైన ఆడమనిషిని "అది" అంటే, ఆ పేరాకు రెండు నాలుకలు. ఇంకోటి, ఆ పోలికలు. లేడి, నెమలి, అడవి మల్లె, జింకపిల్ల. పొగడ్తలే అనుకుని పెట్టారు. కానీ సర్వనామం ముందే ఆమెను జంతువుల వరసలో నిలబెట్టింది, పోలిక వచ్చి దాన్ని ఖాయం చేసింది. ఆఫీసరు భార్యకు ఎప్పుడైనా గేదె కళ్ళు అని రాశారా? మన ఆడవాళ్ళు ఉత్తనే వాగు దగ్గర పరిగెత్తరు. నీళ్ళ బిందె నెత్తిన ఉంటే ఎవరు పరిగెడతారు?

సినిమా దగ్గరికి వస్తే ఇంకో మెలిక ఉంది. చెంచులక్ష్మి కథ రెండుసార్లు తెలుగు సినిమాగా వచ్చింది, 1943లో ఒకసారి, 1958లో అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావులతో మరోసారి. రెండోదాన్ని మా తరం టీవీలో చూసింది. అందులో చెంచు పిల్లకు గౌరవం ఎక్కడి నుంచి వచ్చింది? ఆమె సాక్షాత్తు లక్ష్మీదేవి కాబట్టి వచ్చింది. చెంచు గూడెంలో పుట్టడం ఆ కథకు ఒక వేషం. నల్లమల చెంచుల లెక్క వేరు. వాళ్ళకు ఆమె తమ ఇంటి పిల్ల, నరసింహస్వామి తమ ఇంటి అల్లుడు. ఇప్పటికీ అహోబిలంలో సంక్రాంతి దాటాక స్వామి పారువేట పేరుతో నలభై రోజులకు పైగా ఊళ్ళు తిరుగుతాడు, తన పెళ్ళికి పిలవడానికని చెబుతారు. పిల్లను ఇచ్చిన ఇల్లు కాబట్టి చెంచులకు ఆ చనువు ఉంది. చెంచుల లెక్కలో దేవుడు వాళ్ళ పిల్ల వల్ల చుట్టమయ్యాడు. సినిమా లెక్కలో పిల్ల దేవత కావడం వల్ల గొప్పదయింది. మన పిల్ల మన పిల్లగా ఉండి "ఆమె" అనిపించుకునే దారి సినిమావాళ్ళకు తోచలేదు.

ఇప్పుడు మన వైపు. ఈ పుస్తకంలో మగ రచయితలు ఎక్కువ, వాళ్ళకు నచ్చకపోయినా ఈ మాట అనాలి. "సహజత్వం కోసం" అంటూ మనవాళ్ళూ మన ఆడవాళ్ళను కథనంలో అది అని రాస్తున్నారు. పాత్ర నోట వస్తే నాకు అభ్యంతరం లేదు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడనివ్వండి, అక్కడ దిద్దిన ప్రూఫును మళ్ళీ దిద్ది పంపండి. కానీ కథ చెప్పే గొంతు పిల్లవాడిది కాదు, మీది. మీరు తెలుగులో చదువుకుని, తెలుగులో ఉద్యోగం చేస్తూ, ఎమ్మార్వో గారి భార్యను ఆవిడ అని రాయగలిగినప్పుడు, మీ అవ్వ దగ్గరికి వచ్చేసరికి కోయ గుర్తుకు వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. అదే కథలో తాతను ఆయన అంటారు. కోయలో తాత ఓండే కదా, మరి వాడు అని రాయలేదేం?

మన భాషల్లో ఆడవాళ్ళు చెట్టుతో పుట్టతో ఉండటం ప్రకృతికి దగ్గరగా ఉండటమని, అదొక గొప్ప అని చెప్పే వ్యాసాలు కూడా చదివాను. అంత తొందర వద్దు. అడవికి దగ్గరగా ఉండటం అంత గొప్పయితే మగవాళ్ళను ఎందుకు వేరుగా తీసి పెట్టుకున్నట్టు? మా ఊళ్ళో కుల పంచాయితీలో ఓరు ముందు కూర్చుంటారు, అవ్ వెనక కూర్చుంటాయి. ఆ కూర్చునే తీరూ, ఆ మాటల తీరూ ఒకదానికొకటి కారణమని నేను అనను. రెండూ ఉన్నాయని మాత్రం అంటాను.

మన దగ్గర లేనివి కొన్ని తెలుగు నుంచి తెచ్చుకున్నాం, అవి ఇంకా చేదు. ముండ అనే తిట్టు ఉంది. ముండ అంటే గుండు. భర్త పోయిన ఆడమనిషికి గుండు చేయించిన కులాల నుంచి వచ్చిన మాట. మగవాడిని తిట్టే వెధవ కూడా విధవే. అంటే తెలుగులో మగవాణ్ణి తిట్టాలన్నా భర్త పోయిన ఆడదాని పేరే అరువు తెచ్చుకోవాలి. బళ్ళో పంతుళ్ళు పిల్లల్ని ముద్దుగా కూడా వెధవా అంటారు. మనలో భర్త పోతే గుండు లేదు, మారుమనువు ఉంది. మా పెద్దవాళ్ళ తిట్లలో పులి నోట పడాలి, వాగులో కొట్టుకుపోవాలి లాంటివి విన్నాను గానీ, ముండమోసిందనే అర్థం వచ్చేది వినలేదు. ఇవాళ మన కుర్రాళ్ళు సంతకు వెళ్ళి ఆ మాట నేర్చుకుని వచ్చి ఇంట్లో చెల్లెలి మీద వాడుతున్నారు. ఆ చెల్లెలికి అర్థం తెలియదు, వాడికీ తెలియదు. ప్రూఫులో "అది"ని దిద్దిన చేయి, మన కథల్లో ఈ మాట వస్తే మాత్రం దిద్దకుండా వదిలేస్తుంది. అది తెలుగువాళ్ళకు సహజంగా ఉంటుంది మరి.

ఆడ, మగ తేడానే సర్వనామంలో లేని భాషలు కూడా మన మధ్య ఉన్నాయి. సవర అలాంటిది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి ఆ భాష నేర్చుకుని నిఘంటువు చేశారు. ఆగస్టు 29న బళ్ళలో ఆయన ఫోటోకు దండ వేసి తెలుగు గొప్పతనం మీద ఉపన్యాసాలు ఇస్తాం, సవర ఊసు రాదు. సవరలో అతడైనా ఆమె అయినా అనిన్ అనే అంటారు. సంతాలీ కూడా ఆ కుటుంబంలోని భాషే, అందులోనూ ఆమెకూ అతనికీ ఒకే మాట. ఆ సంతాల్ ఇంటి ఆడబిడ్డ ద్రౌపదీ ముర్ము 2022 జూలై 25న రాష్ట్రపతి అయ్యారు. వారం తిరగకుండానే లోక్‌సభలో కాంగ్రెస్ నాయకుడు అధీర్ రంజన్ చౌధురి ఆమెను "రాష్ట్రపత్ని" అన్నారు. సభ అట్టుడికింది. నోరు జారానని ఆయన క్షమాపణ లేఖ రాశారు. పతి మగమాట కాబట్టి దానికి ఆడమాట పత్ని అవుతుందని వ్యాకరణం చెప్పేవాళ్ళు కూడా బయలుదేరారు. పతి అంటే ఏలేవాడు, పత్ని అంటే పెళ్ళాం. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరం ఆ ఒక్క నాయకుడు తయారు చేసింది కాదు. ఆమె పుట్టిన భాషలో మాట్లాడుకుని ఉంటే ఆ జారుడుకు చోటే ఉండేది కాదు.

చట్టం సంగతి రెండు మాటల్లో చెబుతాను. కులం పేరు పెట్టి నలుగురి ముందు అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కాబట్టి "కోయదానా" అన్నవాడి మీద కేసు పెట్టవచ్చు, పెట్టాలి కూడా. 2023లో సుప్రీంకోర్టు ఆడవాళ్ళ విషయంలో జడ్జీలు, లాయర్లు వాడకూడని మాటలతో ఒక చేపుస్తకం తెచ్చింది, మంచిదే, కానీ అది ఇంగ్లీషు మాటల లెక్క. "అది" మీద ఏ సెక్షనూ లేదు. ఉండనక్కర్లేదు కూడా. ఇది స్టేషనులో తేలేది కాదు, రాసేవాళ్ళ దగ్గరా చదివేవాళ్ళ దగ్గరా తేలాలి.

చివరగా పేర్లు. మైదానం వాళ్ళకు లక్ష్మమ్మ గౌరవం, లచ్చి చులకన. అమ్మ తోక తెగితే మనిషి చిన్నదవుతుంది. ఆ లెక్క మన పేర్ల మీద కూడా వేస్తారు. భీమె, ఇడిమె, దేవె, జోగె విన్నప్పుడు ఏదో పూర్తి పేరును కత్తిరించారని అనుకుంటారు. భీమె దేన్నీ కత్తిరించగా వచ్చింది కాదు. భీమ మగపిల్లవాడు, భీమె ఆడపిల్ల, అంతే. బళ్ళో చేర్చేటప్పుడు టీచర్లు జాలిపడి భీమేశ్వరి అని రాస్తారు. ఆధార్ తీసేచోట ఇంకెవరో భీమమ్మ అని కొడతారు. ఆ పిల్ల పదో తరగతి హాల్ టికెట్టుకు వచ్చేసరికి మూడు కాగితాల మీద మూడు పేర్లు ఉంటాయి. వాటిని ఒకటి చేయించుకోవడానికి తండ్రి కూలి మానుకుని నాలుగు రోజులు మీసేవ చుట్టూ తిరుగుతాడు. ఈ పుస్తకానికి కథ పంపేవాళ్ళు మీ పాత్రకు భీమె అని పేరు పెడితే అలాగే ఉంచండి. తర్వాతి వాక్యంలో ఆమె అని రాయండి.